డార్ట్‌మూర్‌లో అత్తమ్మతో, మూడేళ్ళ బాబుతో: బరేటర్ చుట్టూ ఎక్కడ నడవాలి, ఎక్కడ కారెక్కాలి

మే నెలాఖరు స్కూలు సెలవుల్లో నాలుగు రోజులు డార్ట్‌మూర్ వెళ్ళొచ్చాం. మేమిద్దరం, ఎనిమిదేళ్ళ పాప, మూడేళ్ళ బాబు, ఇండియా నుంచి వచ్చిన మా అత్తమ్మ, మామయ్య. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, బాబుకు పది నిమిషాలు నడిస్తే ఎత్తుకోమని పేచీ. ఇలాంటి ఇంటిల్లిపాదితో నడకకు ఎక్కడికి వెళ్ళాలా అని వెతుకుతున్నవాళ్ళు చాలామంది ఉంటారని రాస్తున్నాను.

డార్ట్‌మూర్ అంటే ఇంగ్లండ్‌లో నైరుతి వైపు డెవన్‌లో ఉన్న పెద్ద నేషనల్ పార్కు. మూర్ అంటే మన అడవిలా ఉంటుందనుకోకండి, చెట్లు పెద్దగా లేని గడ్డి గుట్టలు, అక్కడక్కడా బురద నేల, గుట్టల నెత్తిన ఎవరో పేర్చినట్టు గ్రానైట్ బండలు. ఆ బండల గుట్టల్ని టోర్ అంటారు. చేవెళ్ళ వైపు పుట్టి పెరిగిన మామయ్య కారు దిగగానే "ఇవి మన గుట్టలే కదా, పచ్చగడ్డి కప్పినట్టున్నరు" అన్నారు. ఆ మాటతోనే ఆయనకు ఊరు నచ్చేసింది.

మేము ఎక్కువసేపు గడిపింది బరేటర్ రిజర్వాయర్ దగ్గర. ప్లిమత్ నుంచి పది మైళ్ళు. ఆ నగరానికి తాగునీళ్ళ కోసం 1898లో కట్టింది, మనకు గండిపేట ఎలాగో వాళ్ళకు ఇది అలాగ, ఆదివారం వస్తే సగం ఊరు ఇక్కడే ఉంటుంది. అంతకుముందు 1591 నుంచి ప్లిమత్‌కు నీళ్ళు ఒక కాలువలో వచ్చేవి. ఫ్రాన్సిస్ డ్రేక్ అనే ఇంగ్లిష్ నావికుడు తవ్వించిన ఆ కాలువ పొడవు సుమారు 17 మైళ్ళు, అది మొదలైన చోటు ఇప్పుడు ఈ రిజర్వాయర్ నీళ్ళ అడుగున ఉంది. నీళ్ళు చాలక 1923లో మొదలుపెట్టి 1928 కల్లా ఆనకట్టను పది అడుగులు ఎత్తు పెంచారు, ఆ పని జరుగుతున్నన్నాళ్ళూ రాకపోకలకు పక్కన తాత్కాలికంగా వేలాడే వంతెన వేశారు. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన మామయ్య ఆనకట్ట మీద అటూ ఇటూ మూడుసార్లు నడిచారు, మేం పిలిస్తే గానీ రాలేదు.

ఇక అసలు విషయం. రిజర్వాయర్ చుట్టూ తారురోడ్డు ఉంది, మొత్తం నాలుగు మైళ్ళ లోపే, పెద్ద ఎత్తులు లేవు, స్ట్రోలర్ హాయిగా వెళ్తుంది. అందుకే అందరూ "ఫ్యామిలీ వాక్" అని చెబుతారు. కానీ అదే రోడ్డు మీద కార్లూ సైకిళ్ళూ తిరుగుతాయి, ఫుట్‌పాత్ లేదు, పొద్దున పదకొండు దాటాక పిల్లాడి చెయ్యి ఒక్క క్షణం వదలడానికి ఉండదు. మొదటిరోజు మేం పట్టుదలగా మొత్తం చుట్టేద్దామని బయల్దేరి సగంలో నీరసపడిపోయాం, అత్తమ్మను ఒక బండ మీద కూర్చోబెట్టి మా ఆయన వెనక్కి వెళ్ళి కారు తేవాల్సివచ్చింది. రెండోరోజు నుంచి పద్ధతి మార్చాం. కారులో చుట్టూ తిరుగుతూ నచ్చిన చోట ఆపుకుని, ఒక్కోచోట అరగంటో గంటో నడిచాం. నా మాట వింటే మీరూ అలాగే చేయండి.

ఆగాల్సిన చోట్లలో నా ఓటు ముందుగా నార్స్‌వర్తీ బ్రిడ్జికి. రిజర్వాయర్‌లోకి మీవీ నది వచ్చి కలిసే వైపున పాత రాతి వంతెన, చెట్ల నీడ, మోకాలి లోతైనా లేని వాగునీళ్ళు. బాబు రాళ్ళు విసురుతూ గంటన్నర కదల్లేదు. అక్కణ్ణుంచి దాదాపు మైలు దూరం అడవిదారిలో పైకి వెళ్తే లెదర్ టోర్ బ్రిడ్జి వస్తుంది, 1833లో పెద్దపెద్ద గ్రానైట్ పలకలు పరిచి కట్టింది. దారి రాళ్ళూరప్పలుగా ఉంటుంది, స్ట్రోలర్ పనికిరాదు, పాపా నేనూ మాత్రమే వెళ్ళొచ్చాం. రిజర్వాయర్‌లో మాత్రం ఎవరూ దిగకూడదు, ఈత నిషేధం, ఎండాకాలంలో కూడా నీళ్ళు బాగా చల్లగా ఉంటాయి.

అత్తమ్మలాంటి వాళ్ళకు సరిపోయేది ఆర్బొరీటమ్. రకరకాల చెట్లు పెంచిన చిన్న తోట, చదునైన బాటలు, మధ్యలో కుంట, కూర్చోవడానికి బెంచీలు. అరగంటలో అయిపోతుంది, పెద్ద వింతలేం లేవు, కానీ కార్ల చప్పుడు లేకుండా పిల్లల్ని వదిలెయ్యగలిగింది అక్కడ ఒక్కచోటే.

నేను ఎదురుచూడనిది లాంగ్‌స్టోన్. షీప్‌స్టోర్ ఊరి దగ్గర, నీళ్ళ ఒడ్డున కూలిపోయిన పాత బంగళా గోడలు ఉంటాయి. పక్కనే రాళ్ళతో ఎత్తుగా కట్టిన ఒక అరుగు. దాన్ని విండ్‌స్ట్రూ అంటారట, గాలి బాగా తగిలే చోట ధాన్యం దుళ్ళగొట్టి తూర్పారబట్టడానికి కట్టుకున్నది. నేను ఆ మాట చెప్పేలోపే అత్తమ్మ అరుగెక్కి, గాలికి ఎదురు నిలబడి, చేతిలో చేట ఉన్నట్టు రెండు చేతులూ ఎత్తి "ఇది కళ్ళమే కదనే!" అంది. చిన్నప్పుడు వాళ్ళ అమ్మతో కళ్ళంలో నిలబడి గాలి కోసం సాయంత్రం దాకా ఎదురుచూసిన సంగతులన్నీ అక్కడే కూర్చుని పాపకు చెప్పింది. పాప చేట అంటే ఏమిటి, పొట్టు ఎటు పోతుంది, గింజ ఎందుకు ఎగరదు అని ఒకటే ప్రశ్నలు. ఎండ దిగేదాకా మేం అక్కడే ఉన్నాం.

షీప్‌స్టోర్ ఊళ్ళో చర్చి చిన్నదే గానీ ఒక్కసారి లోపలికి వెళ్ళండి. బోర్నియో దీవిలో సరవాక్‌ను ఏలిన బ్రూక్ అనే ఇంగ్లిష్ వంశం రాజుల సమాధులు ఆ చర్చి ఆవరణలో ఉన్నాయి, మొదటి రాజా జేమ్స్ బ్రూక్ 1803లో పుట్టింది మన బెనారస్ దగ్గరే. ఊరి వెనక షీప్స్ టోర్ గుట్ట 369 మీటర్లు. మా ఆయన, పాప ఎక్కి వచ్చారు, పైనుంచి రిజర్వాయర్ మొత్తం కనబడుతుందన్నారు. చివర్లో బండల మధ్య చేతులు పట్టుకుని ఎక్కాలి, ఐదారేళ్ళ లోపు పిల్లలకు వద్దు.

వసతి గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. మేం తీసుకున్న కాటేజీ పేరు చెప్పను. ప్రకటనలో "రిజర్వాయర్‌కు 5 నిమిషాల నడక" అని ఉంది. నిజానికి ఇరవై అయిదు నిమిషాలు, అదీ రెండువైపులా మనిషెత్తు గట్లున్న ఇరుకు సందులో, ఎదురుగా ట్రాక్టర్ వస్తే గట్టుకు అతుక్కుని నిలబడాలి. పిల్లలతో ఆ దారిన రెండోసారి నడవలేదు. వంటిల్లు మాత్రం బాగుంది, మూడు పొయ్యిలు, పెద్ద గిన్నెలు, పొద్దున్నే పులిహోర, పెరుగన్నం చేసి డబ్బాల్లో పెట్టుకునేవాళ్ళం. బుక్ చేసేముందు ఇంటి నుంచి నడకదారిలో ఫుట్‌పాత్ ఉందా అని తప్పకుండా అడగండి. మళ్ళీ వెళ్తే నేను దగ్గర్లోని యెల్వర్టన్ ఊళ్ళోనే దిగుతాను, దుకాణాలు ఉన్నాయి, ప్లిమత్ బస్సులు ఆగుతాయి. కారు లేనివాళ్ళకు మాత్రం కష్టమే, యెల్వర్టన్ నుంచి ఆనకట్ట దాకా మూడు మైళ్ళు.

ఆనకట్ట దగ్గర టాయిలెట్లు ఉన్నాయి, ఐస్‌క్రీం బండి ఉంటుంది, పక్కనే చిన్న డిస్కవరీ సెంటర్. ఇక భోజనం దొరకదు, మనం తీసుకెళ్ళాల్సిందే. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల రాదు, మ్యాపు ముందే దించుకోండి. మూర్ మీద తిరిగే గుర్రాలు ముద్దొస్తాయి, పిల్లలతో ఉన్నవి మరీను, కానీ వాటికి తిండి పెట్టకూడదు, అలవాటుపడి రోడ్ల మీదికొచ్చి కార్ల కింద పడతాయి. సాయంత్రం ఇంటికి రాగానే పిల్లల కాళ్ళూ మెడలూ చూడండి, ఫెర్న్ పొదల్లో పిడుదులు పట్టుకుంటాయి, మా పాప మోకాలి వెనక ఒకటి దొరికింది.

మూడోరోజు వెన్‌ఫర్డ్ కూడా చూశాం. 1907 నాటి చిన్న రిజర్వాయర్, చుట్టూ నడక గంటలోపు, కార్లు లేవు, బాబు సగానికి పైగా తనే నడిచాడు. అక్కడక్కడా వేర్లు, మెట్లు ఉన్నాయి కాబట్టి అత్తమ్మ కారు దగ్గరే కుర్చీ వేసుకుంది. ఫెర్న్‌వర్తీ అనే ఇంకో రిజర్వాయర్ ప్రశాంతంగా ఉంది, అడవిలో పాత రాళ్ళ వలయం కూడా ఉంది, కానీ అవతలి ఒడ్డున చీలమండల దాకా బురద, బూట్లు లేకుండా వెళ్ళొద్దు. ఒక్కరోజే ఉంటే ఈ రెండూ వదిలేసి బరేటర్‌కే వెళ్ళండి. పొద్దున తొమ్మిదిన్నరకల్లా చేరుకుని, ముందు లాంగ్‌స్టోన్, తర్వాత ఆర్బొరీటమ్, మధ్యాహ్నం భోజనానికి నార్స్‌వర్తీ వాగు. బాబుకు మారుజత బట్టలు రెండు పెట్టాను, మూడు పెట్టాల్సింది.