లీవరు తాళమా, పిన్ను తాళమా: కోనసీమ ఇంటికి ఏది మేలు?

ఏడాదిలో పదినెలలు మూసి ఉండే ఇంటికి లీవరు తాళం మంచిదా, పిన్ను సిలిండరు తాళం మంచిదా అని హైదరాబాదులో స్థిరపడిన మనవాళ్లు సంక్రాంతి దగ్గరపడేసరికి అడుగుతూనే ఉంటారు. రాజోలు దగ్గరి మా మండువా ఇంటి వీధి తలుపుకు మొన్న వేసవిలో కొత్త తాళం ఎంచుకోవలసి రావడంతో ఈ ప్రశ్న నాకూ ఎదురైంది.

లీవరు తాళంలో చెవి పళ్లు లీవర్లనే ఒక్కొక్క రేకునూ సరిగ్గా తగినంత ఎత్తుకు లేపితేనే రేకుల గాడులన్నీ ఒకే వరుసకు వచ్చి, గడియకున్న మేకు వాటిలోకి జారుతుంది. రేకు తక్కువ లేచినా, ఎక్కువ లేచినా గడియ కదలదు. ఈ రెండువైపుల కట్టడికి ఇంగ్లండులో రాబర్ట్ బారన్ 1778లోనే పేటెంటు పొందాడు. తరువాత 1818లో వచ్చిన చబ్ అనే లీవరు తాళం ఎవరూ తెరవలేనిదిగా పేరుపొందినా, 1851 లండను ప్రదర్శన సమయంలో అమెరికా నుంచి వచ్చిన హాబ్స్ దానిని చెవి లేకుండానే తెరిచాడు. కనుక లీవరు అంటే అభేద్యమని దుకాణంలో చెప్పే మాటను అలాగే నమ్మనక్కరలేదు. అయితే ప్రత్యేకంగా కోసిన చెవిని దూర్చి, తట్టి, పిన్నులను ఎగిరేలా చేసి సాధారణ సిలిండరును తెరిచే ఉపాయం, ఎగరడానికి పిన్నులే లేని లీవరు తాళం మీద సాగదు. బ్యాంకు లాకర్లలో రెండు చెవులతో తెరుచుకునేవి చాలావరకు లీవరు తాళాలే.

నా దృష్టిలో మన ప్రాంతంలో తేల్చవలసింది దొంగ సంగతి కాదు, తేమ సంగతి. పిన్ను తాళంలో సన్నని రంధ్రాలలో చిన్న పిన్నులు, వాటి వెనుక వెంట్రుకలాంటి స్ప్రింగులు ఉంటాయి. ఉప్పుగాలికి ఒక్కటి బిగుసుకున్నా చెవి లోపలికి వెళుతుంది గాని తిరగదు. 2022 జూలై వరదలో ఒండ్రు చేరిన మా పాత సిలిండరుకు పట్టిన గతి ఇదే; అదే వరదలో మునిగిన కొట్టుగది లీవరు తాళం కప్ప మాత్రం కిరోసిన్‌తో కడిగితే తెరుచుకుంది. రేకులు వెడల్పుగా, వాటి మధ్య సందు కాస్త ఎక్కువగా ఉండడమే దీనికి కారణం. అయితే రేకులు ఇనుపవైతే ఈ మేలు నిలవదు, ఇత్తడివే అడిగి తీసుకోవాలి. కొబ్బరినూనె మాత్రం పోయకండి. అది దుమ్మును పట్టి జిగురవుతుంది, చలికాలం రాత్రుల్లో గడ్డకడుతుంది కూడా.

అద్దె ఇళ్లకు పిన్ను తాళమే సుఖం. కాపురం మారినప్పుడు తాళమంతా విప్పకుండా సిలిండరు ఒక్కటి మార్చుకోవచ్చు, నకలు చెవి కూడా మిషను మీద నిమిషాల్లో తయారవుతుంది. అంకెల తాళం పెట్టెలకు చాలు. వేలిముద్ర తాళాలు బ్యాటరీ మీద ఆధారపడేవి కనుక మూసి ఉంచే ఇంటికి నేను చెప్పను.

చివరకు వీధి తలుపుకు ఇత్తడి రేకుల ఏడు లీవర్ల తాళం, అద్దెకిచ్చిన మేడగదికి సిలిండరు పెట్టించాను. వీధి తలుపు చెవి బారెడుందని, దానికి వేరే సంచి కుట్టించుకోవాలని మా ఇంటావిడ ఇప్పటికీ సణుగుతూనే ఉంది.