బొమ్మ లేదు, మాట ఉంది: ఒక ఎల్ఈడీ టీవీతో తొమ్మిదేళ్లు, మూడు రిపేర్లు

2015లో కొన్న 43 అంగుళాల ఎల్ఈడీ టీవీ మాది. 2024 డిసెంబరులో దాన్ని తీసేశాం. ఈ తొమ్మిదేళ్లలో దానికి మూడుసార్లు రిపేరు చేయించాను. మొదటిది బంగారం లాంటి రిపేరు. రెండోది శుద్ధ దండగ. మూడోది ఆ దండగని సరిదిద్దుకోడానికి చేయించింది. కంపెనీ పేరు చెప్పను. చెప్పినా మీకు ఉపయోగం లేదు, ఎందుకంటే చెడిపోయిన భాగాలు ఏ కంపెనీ టీవీలో అయినా ఇంచుమించు అలాగే ఉంటాయి, అలాగే చెడిపోతాయి.

పనిచేసినన్నాళ్లూ మంచి టీవీయే. ఫుల్ హెచ్‌డీ బొమ్మ, గదంతా నిండే గొంతు, నాలుగు స్క్రూలు తిప్పితే ఊడొచ్చే వెనక డొప్ప. దాని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు. అసలు సంగతి అది మొరాయించడం మొదలుపెట్టాక ఉంది.

2019లో మొదటి జబ్బు. రిమోట్ నొక్కితే ఎర్ర లైటు మిణుకుమంటుంది, లోపల 'టక్' అని చిన్న శబ్దం, మళ్లీ ఆగిపోతుంది. నాలుగైదు సార్లు నొక్కితే ఎలాగో ఆన్ అయ్యేది. చల్లటి ఉదయాల్లో మరీ మొండికేసేది. మనం ఏం చేస్తాం? అలవాటు పడిపోతాం. అరగంట ముందే ప్లగ్ పెట్టి ఉంచితే తొందరగా ఆన్ అవుతుందని మా ఆవిడ కనిపెట్టింది. అలా రెండు నెలలు నెట్టుకొచ్చాం. చివరికి అది కూడా పనిచేయకపోతే మెకానిక్‌ని పిలిచాను.

ఆయన వెనక డొప్ప తీసి, పవర్ సప్లై బోర్డు మీద టార్చి వేసి, "చూడండి సార్, తల ఉబ్బింది" అన్నాడు. విద్యుత్తుని కాసేపు నిల్వ ఉంచే భాగాలు, చిటికెన వేలి కొసంత కెపాసిటర్లు రెండు. పక్కనున్న వాటి తల చదునుగా ఉంది, ఈ రెండింటి తల బొడిపెలా పైకి లేచింది. ఈ కెపాసిటర్ల లోపల ద్రవం ఉంటుంది. వేడికి ఏళ్ల తరబడి అది ఆరిపోతూ వస్తుంది. చలిలో అవి ఇంకా నీరసిస్తాయి. ఉదయం పూట మొరాయించింది అందుకే. ముందుగా ప్లగ్ పెడితే కాస్త వెచ్చబడి పనిచేసింది కూడా అందుకే. వేడి పది డిగ్రీలు తగ్గితే వీటి ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క ఉంది. మా టీవీ గోడలోని గూట్లో ఉండేది, నాలుగు వైపులా గాలాడదు. ఆయన అది చూసి తల పంకించాడు గానీ ఏమీ అనలేదు.

ఆ రిపేరు అరగంటలో అయిపోయింది. కొత్త టీవీ ధర 100 అనుకుంటే నాకైన ఖర్చు 3. ఆ కెపాసిటర్లు టీవీ చివరి రోజు దాకా పనిచేశాయి. ఇలాంటి చోట 'బాగు చేయించాలా, కొత్తది కొనాలా' అన్న ప్రశ్నే అనవసరం. (ఇంత సులువైతే మనమే మార్చేసుకోవచ్చు కదా అనుకోకండి. అదే బోర్డు మీద ఉండే పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్ పీకేశాక కూడా 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. తెలిసినవాళ్లు దాన్ని ముందు డిశ్చార్జి చేసి గానీ చెయ్యి పెట్టరు.)

2021 ప్రాంతంలో టీవీలోని యాప్‌లు ఒక్కొక్కటే మానేశాయి. అప్‌డేట్ లేదంది ఒకటి, తెరుచుకుని మూసుకుపోయేది ఇంకొకటి. చాలామంది టీవీ మార్చేది ఈ దశలోనే. నాకది అర్థం కాదు. హెచ్‌డీఎంఐ పోర్టులో ఒక స్ట్రీమింగ్ స్టిక్ గుచ్చితే టీవీ మళ్లీ కొత్త పెళ్లికూతురే. తెర బాగుండగా బుర్ర పాతబడిందని టీవీని పారేయకండి.

2022 అక్టోబరులో ఒక రాత్రి అమ్మ ముందు గదిలోంచి పిలిచింది. "ఒరేయ్, మాటలు వినపడుతున్నాయి, మనుషులు కనపడట్లేదు." వెళ్లి చూస్తే తెర నల్లగా ఉంది, వార్తలు మాత్రం సాగిపోతున్నాయి. గదిలో లైటు ఆర్పేసి, ఫోన్ టార్చిని తెరకి దగ్గరగా, కొంచెం ఏటవాలుగా పెట్టి చూశాను. పాత ఫొటో నెగెటివ్‌లో కనిపించినట్టు వార్తలు చదివే ఆమె నీడలా కనిపించింది. పెదాలు కదులుతున్నాయి. అమ్మ వంగి చూసి, "పాపం, చీకట్లో కూర్చుని చదువుతోంది" అంది.

జరిగింది కూడా అదే. బొమ్మ ఉంది, దాని వెనక వెలుగు పోయింది. మనం ఎల్ఈడీ టీవీ అనేది నిజానికి ఎల్‌సీడీ తెర. ఆ తెరకి సొంత వెలుగు లేదు, వెనక వరసలుగా అమర్చిన ఎల్ఈడీ స్ట్రిప్పులే దానికి దీపాలు. అవి ఒకదాని వెనక ఒకటి సీరియల్‌గా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్క ఎల్ఈడీ మాడినా వరస మొత్తం ఆరిపోతుంది, చాలా టీవీల్లో మొత్తం వెలుగే పోతుంది. మాట ఉండి బొమ్మ పోతే చేయాల్సిన మొదటి పని ఈ టార్చి పరీక్ష. నీడలా బొమ్మ కనిపిస్తే తెర బతికే ఉన్నట్టు. ఓఎల్ఈడీ టీవీలకి ఇది పనికిరాదు, వాటిలో ప్రతి చుక్కా తనంత తానే వెలుగుతుంది, వెనక దీపాలుండవు.

ఇక నా తెలివితక్కువ పని. మెకానిక్ రెండు దారులు చెప్పాడు. పోయిన స్ట్రిప్పు ఒక్కటే మారిస్తే 8, సెట్టు మొత్తం మారిస్తే 17 (అదే 100 లెక్కలో). "మొత్తం మార్చుకోండి సార్" అనే అన్నాడాయన. మిగతా ఎల్ఈడీలు బాగానే ఉన్నాయి కదా, వాటికి డబ్బులెందుకని నేను ఒక్కటే మార్పించాను. ఇంటికి తెచ్చాక చూస్తే తెర మధ్యలో అడ్డంగా ఒక పట్టీ, మిగతా తెర కంటే తెల్లగా, కొంచెం నీలంగా. కొత్త స్ట్రిప్పు మెరుస్తోంది, పాతవి ఏడేళ్లుగా మాసిపోయాయి. ముఖాలు చూపించినప్పుడు ముక్కు ఒక రంగు, నుదురు ఒక రంగు.

అయిదు నెలలు గడిచాయి. 2023 మార్చిలో మళ్లీ అదే చీకటి. ఇంకో స్ట్రిప్పులో ఎల్ఈడీ పోయింది. ఏడేళ్లు ఒకే వేడిలో ఉడికినవి అన్నీ ఒకేసారి ముసలివవుతాయి, ఒకదాని వెనక ఒకటి పోతాయి. అంతమాత్రం నాకు ముందే తట్టకపోవడం ఏమిటో!

ఈసారి నేను షాపులోనే కూర్చుని చూశాను. స్ట్రిప్పులు మార్చాలంటే టీవీని బోర్లా పడుకోబెట్టి వెనక డొప్ప తీస్తే చాలదు. ముందు ఫ్రేము తీసి, గాజు తెరని రెండు చేతులతో అప్పడంలా పైకి లేపి, పక్కన పెట్టాలి. ఆ తెర అంచున సన్నని రిబ్బన్లు కొన్ని వేలాడుతుంటాయి, బొమ్మకి కావాల్సిన సంకేతాలన్నీ వాటి గుండానే వెళ్తాయి. వాటిని గాజుకి అతికించింది వెంట్రుక కంటే సన్నని బంధాలతో. ఆయన, ఆయన కుర్రాడు ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఆ తెరని ఎత్తడం చూశాక, ఇదే పని అయిదు నెలల కిందట కూడా జరిగిందని గుర్తొచ్చి నాకు టెన్షన్ మొదలైంది. "విప్పిన ప్రతిసారీ కొంత రిస్కు తీసుకున్నట్టే సార్" అన్నాడాయన, దెప్పకుండానే.

సెట్టు మొత్తం మార్చాడు. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది, పట్టీ పోయింది. కాకపోతే లోపలి ప్లాస్టిక్ షీట్ల మధ్య ఎక్కడో ఒక నలుసు చిక్కుకుంది. కింద ఎడమ మూల, మంచు కొండలు చూపించినప్పుడల్లా బూడిద రంగు చుక్క. అమ్మ చాలాకాలం దాన్ని తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది.

ఎల్ఈడీలు ఎందుకు మాడాయో కూడా ఆ రోజే తెలిసింది. మా టీవీలో బ్యాక్‌లైట్ (వెనక దీపాల వెలుగు) సెట్టింగు కొన్నప్పటి నుంచి 100 మీదే ఉంది. షాపులో పక్క టీవీల కంటే మెరవాలని పెట్టే సెట్టింగు ఇంట్లోనూ అలాగే ఉండిపోయింది. దాన్ని 50కి దించాను. రెండు రోజులు మసకగా అనిపించింది, మూడో రోజు ఎవరికీ గుర్తే లేదు. ఒక మాట: కొన్ని టీవీల్లో బ్రైట్‌నెస్ అని ఉండేది వెనక దీపాల వెలుగు కాదు, నలుపు ఎంత నల్లగా కనపడాలన్నది. బ్యాక్‌లైట్ అని విడిగా ఉంటే దించాల్సింది దాన్ని.

2024 ఆగస్టులో కుడి పక్కన నిలువుగా ఒక ఆకుపచ్చ గీత. వెంట్రుకంత. ముందు సెట్‌టాప్ బాక్స్ మీద అనుమానపడ్డాం. దానికో తేలిక పరీక్ష ఉంది. టీవీ సొంత మెనూ తెరవండి. మెనూ మీద కూడా గీత ఉంటే తప్పు టీవీదే, బాక్సుదీ కేబులుదీ కాదు. మాకు మెనూ మీద కూడా ఉంది. నెలలో మూడు గీతలు, దసరాలోపు అరచేతి వెడల్పు పట్టీ.

మెకానిక్ ఇంటికొచ్చి, ముందు తెరకి బొమ్మ సంకేతాలు పంపే టీకాన్ బోర్డు కేబుల్ పీకి, తుడిచి, మళ్లీ పెట్టాడు. కొన్నిసార్లు గీతలు అక్కడితోనే పోతాయట, ఆ బోర్డు మార్చినా పెద్ద ఖర్చు కాదు. మాకు పోలేదు. తర్వాత తెర అంచున ఒకచోట బొటనవేలితో నొక్కాడు. గీతలన్నీ మాయం! వేలు తీశాడు, మళ్లీ వచ్చేశాయి. నొక్కాడు, పోయాయి. తీశాడు, వచ్చాయి. "ఇక ఇది ఒకరు నొక్కి పట్టుకుంటే ఇంకొకరు చూడాల్సిన టీవీ సార్."

ఆ రిబ్బను గాజు నుంచి విడిపోతోంది. రెండుసార్లు విప్పడం వల్లేనా అంటే ఆయన కచ్చితంగా చెప్పలేదు, తొమ్మిదేళ్లకి దానంతట అదే పోవచ్చు కూడా. నా మనసులో మాత్రం అనుమానం అలాగే ఉంది. రబ్బరు ముక్క పెట్టి బిగించే చిట్కా ఉందిగానీ ఎన్ని వారాలు నిలుస్తుందో చెప్పలేనన్నాడు. మిషన్ మీద మళ్లీ అతికించేవాళ్లకీ గ్యారంటీ ఇవ్వడం కష్టమేనట. కొత్త ప్యానెల్, అంటే రిబ్బన్లతో సహా గాజు తెర మొత్తం, అయితే 80 (మళ్లీ అదే 100 లెక్కలో). టీవీ ఖరీదులో సింహభాగం ప్యానెలే కాబట్టి అది పోతే టీవీ పోయినట్టే. యూరోపియన్ యూనియన్‌లో టీవీల విడిభాగాలు కొన్ని కనీసం ఏడేళ్లు దొరకాలని 2021 మార్చి నుంచి నిబంధన ఉంది. ఆ జాబితాలో పవర్ సప్లై ఉంది, కెపాసిటర్లు ఉన్నాయి, ప్యానెల్ మాత్రం లేదు!

రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తది కొనుక్కోమని అందరూ చెబుతారు. నాకు ఆ సూత్రం మీద నమ్మకం లేదు. ఆ ఖర్చు ఎంతకాలం పనికొస్తుందో అందులో లేదు కదా. కొత్త టీవీ ఎనిమిదేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 12.5 పడుతుంది. బ్యాక్‌లైట్ కోసం నేను పెట్టింది 8, 17 కలిపి 25, అది నాకిచ్చింది 26 నెలలు. ఏడాదికి పదకొండున్నర. అంటే రెండు రిపేర్లూ సగం లోపే అయినా కొత్తదానితో పోలిస్తే దాదాపు ఏమీ మిగల్లేదు. మొదటే సెట్టు మొత్తం మార్చుంటే ఏడాదికి 8 కూడా పడేది కాదు, తెర ఒకసారి తక్కువ విప్పేవాళ్లం. అదే ప్యానెల్ మారిస్తే, 80 పెట్టి కొన్నదాని వెనక తొమ్మిదేళ్ల బోర్డులు ఉంటాయి. వాటిలో ఏది ఎప్పుడు పోతుందో!

అందుకే ఇప్పుడెవరైనా అడిగితే ముందు ఏ భాగం పోయిందో కనుక్కోమంటాను. 'డిస్‌ప్లే పోయింది' అన్న మాటకి ఒప్పుకోవద్దు. బ్యాక్‌లైటా, టీకానా, ప్యానెలా అని అడగాలి. ఆ మూడింటికీ ఖర్చులో నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. మార్చేసిన పాత భాగాన్ని అడిగి ఇంటికి తెచ్చుకోవాలి, నిజంగా మార్చారో లేదో అప్పుడే తెలుస్తుంది. షాపు నుంచి తెచ్చేముందు కనీసం ఒక గంట ఆడించి చూడాలి, ఎందుకంటే కొన్ని జబ్బులు వేడెక్కాకే బయటపడతాయి.

పాత టీవీని మెకానికే తీసుకున్నాడు. బోర్డులు రెండూ బాగున్నాయి, అదే మోడల్ వస్తే పనికొస్తాయన్నాడు. చెత్తకుండీ పక్కన పెట్టడం కంటే అదే నయం.

కొత్తది వచ్చి ఏడాది దాటింది. అదీ 43 అంగుళాలే, 4కే. మేం కూర్చునే దూరం నుంచి మామూలు ఛానెళ్లు చూస్తే పాతదానికీ దీనికీ తేడా చెప్పడం కష్టం. మంచి ప్రింటు ఉన్న సినిమా అయితే తెలుస్తుంది. గొంతు పీల, ఇంత పలచటి టీవీలో స్పీకర్లకి చోటెక్కడిది? కాళ్లు రెండు చివర్లకీ ఉన్నాయి, పాత బల్ల మీద పట్టలేదు, దానికో కొత్త బల్ల. ఆన్ చేయగానే ప్రకటనలు. ఈసారి గూట్లో పెట్టలేదు, వెనక జానెడు ఖాళీ ఉంచాను. మొదటి రోజే బ్యాక్‌లైట్ 50కి దించాను. మా అబ్బాయి ఆటలాడేటప్పుడు 100కి పెడతాడు, నేనొచ్చి మళ్లీ దించుతాను. ప్రస్తుతానికి 70 దగ్గర రాజీ కుదిరింది.