తాతల నాటి డబుల్ బ్యారెల్ తుపాకీకి సర్వీసింగ్: ఈ షాపుకు నా పూర్తి మార్కులు

మాది దేవరకొండ దగ్గర పల్లె. బత్తాయి తోట, కొంత వేరుశనగ. పంట రక్షణ లైసెన్సు మీద తాత నుంచి నాన్నకు, నాన్న నుంచి నాకు వచ్చిన 12 బోర్ (గొట్టం సైజు) డబుల్ బ్యారెల్ తుపాకీ ఒకటుంది. బర్మింగ్‌హామ్‌లో తయారైంది. రెండు గొట్టాలు పక్కపక్కన, లోపల గీతల్లేకుండా నున్నగా ఉంటాయి. 2023 నవంబర్‌లో అసెంబ్లీ ఎన్నికలకు, 2024 మేలో పార్లమెంటు ఎన్నికలకు రూల్ ప్రకారం పోలీసు స్టేషన్‌లో డిపాజిట్ చేశాను. తిరిగి చేతికొచ్చేసరికి బ్యారెల్ మీద ఎర్రగా తుప్పు, ఎడమ ట్రిగ్గర్ బిగుసుకుపోయింది, మూశాక కూడా కీలు దగ్గర సన్నటి ఊగు. ఇంట్లో నూనె రాస్తే పోయేది కాదని హైదరాబాద్‌లో తుపాకులు రిపేరు చేసే ఈ షాపుకు తీసుకెళ్లాను. మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ రోడ్డే కాబట్టి ప్రయాణం ఇబ్బంది లేదు. గన్ ఖాళీగా, విప్పి, కవర్లో ఉండాలి. లైసెన్సు ఒరిజినల్ చేతిలో ఉండాలి.

ముందుగా ఒక మాట. తుపాకీ అమ్మడానికే కాదు, రిపేరు చేయడానికి కూడా 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. ఈ షాపులో ఆ కాగితం గోడకు ఫ్రేమ్ కట్టి ఉంది. చవకగా అయిపోతుందని లేతు మిషన్ దగ్గరకో, వెల్డింగ్ షాపుకో తీసుకెళ్లేవాళ్లను మా వైపు చూశాను. దయచేసి అలా చేయకండి. పట్టుబడితే లైసెన్సు పోతుంది, పని చెడితే చెయ్యి పోతుంది.

పని చేసే పెద్దాయనను అందరూ ఉస్తాద్ అంటారు. గన్ తీసుకోగానే ఫోర్ ఎండ్, అంటే గొట్టాల కింద పట్టుకునే చెక్క, విప్పి బ్యారెల్‌ను వేరు చేశారు. దాన్ని కింది కొక్కెం దగ్గర వేలికి వేలాడదీసి గోటితో కొట్టారు. గుడి గంటలా ఖంగున మోగి, ఆ మోత కాసేపు నిలిచింది. రెండు గొట్టాలనూ కలిపే పట్టీకి వేసిన టాకా, అంటే అతుకు, ఎక్కడా వదల్లేదని దానర్థం. వదిలి ఉంటే చప్పుడు బొంగురుగా వస్తుందట. తర్వాత ట్యూబ్‌లైటుకు ఎదురుగా పెట్టి నన్ను చూడమన్నారు. లోపల వెలుగు నీడలు వలయాలుగా కనిపిస్తాయి. సొట్ట ఉన్నచోట వలయం విరుగుతుంది, తుప్పు తిన్నచోట నల్లటి చుక్కలు పడతాయి. కుడి గొట్టంలో చాంబర్ (తూటా కూర్చునే చోటు) దాటాక కొన్ని చుక్కలున్నాయి, లోతు లేవు. గోడ మందం కొలిచే గేజీ పెట్టి, ఆ లెక్క రసీదు వెనకే రాసిచ్చారు.

అసలు సంగతి తర్వాత తెలిసింది. బ్యారెల్ అడుగున ప్రూఫ్ ముద్రలు, అంటే ఒత్తిడి పరీక్షలో పాసైందని కొట్టే గుర్తులు, భూతద్దంలో చూపించారు: నైట్రో ప్రూఫ్ (పొగరాని మందుకు), గుళ్ల బరువు 1⅛ ఔన్స్, చాంబర్ పొడుగు 2½ అంగుళాలు. అంటే చాంబర్ పొట్టిది, 65 మి.మీ. తూటాకే సరిపోతుంది. ఇప్పుడు బజార్లో ఎక్కువగా దొరికేది 70 మి.మీ. తూటా, అంటే 2¾ అంగుళాలు. ఇక్కడే చాలామంది మోసపోతారు. మూతి మడిచి ఉన్న 70 తూటా పొట్టి చాంబర్లో చక్కగా పట్టేస్తుంది, గన్ మూసుకుంటుంది, ఏ తేడా తెలియదు. పేలాక ఆ మడత విచ్చుకోవడానికి చోటుండదు. చాంబర్ ముందు సన్నబడే చోటికి అంచు తోసుకుపోయి దారి ఇరుకవుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. పాత గన్నులో ఆ పేలుడుకు, మన చెంపకు మధ్య ఉన్నది కొన్ని మిల్లీమీటర్ల ఇనుమే. చాంబర్ పొడుగు చేసేయండి అని పక్కన కూర్చున్న ఒకాయన సలహా ఇస్తే ఉస్తాద్ ఒప్పుకోలేదు. అక్కడ ఇనుము తీస్తే గోడ పలచబడుతుంది, మళ్లీ ప్రూఫ్ పరీక్ష చేయించకుండా కాల్చకూడదు అన్నారు. ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్ తూటాల్లో 65 సైజు చూసి ఇచ్చి, లైసెన్సులో ఎంట్రీ వేశారు.

బ్లూయింగ్, అంటే బ్యారెల్‌కు నల్లరంగు ఎక్కించే విషయంలోనూ అంతే పట్టుదల. మరిగే కాస్టిక్ తొట్టిలో ముంచితే సాయంత్రానికే నల్లగా మెరుస్తుంది కానీ, ఆ మందు పక్కపక్క గొట్టాల టాకాను తినేస్తుంది. అందుకని తుప్పు పట్టించి, వేడినీళ్లలో మరిగించి, తీగ బ్రష్‌తో రుద్ది, మళ్లీ మొదలుపెట్టే పాత పద్ధతిలో చేశారు. ఆలస్యమైంది, కానీ రంగు లోతుగా, నీలి నలుపుగా వచ్చింది. స్క్రూల తలలు చూడండి, ఒక్కదాని గాడి కూడా చెదరలేదు. ప్రతి గాడికీ సరిపోయేలా స్క్రూడ్రైవర్ మొన అరగదీసుకుని మరీ విప్పుతారు. కీలు ఊగు పోయింది. ఎడమ ట్రిగ్గర్ ఇప్పుడు కుడిదానిలాగే పలుకుతోంది.

స్లగ్‌ల గురించి కూడా రాయాలి, ఎందుకంటే మా ఊరి కుర్రాళ్లు నన్ను అడిగేది అదే. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉండే మా మేనల్లుడు అక్కడి సీజన్లో పర్మిట్ తీసుకుని జింకల వేటకు వెళ్తాడు. చదునైన నేల, దగ్గర దగ్గర ఇళ్లు కాబట్టి ఆ రాష్ట్రంలో 2014కు ముందు జింకకు రైఫిల్ వాడనిచ్చేవారు కాదు. నా గన్ లాంటి నున్నటి గొట్టం షాట్‌గన్‌లో చిన్న గుళ్లకు బదులు ఒకే సీసపు దిమ్మ, అదే స్లగ్, వేసుకుని వెళ్లేవారు. రైఫిల్ గొట్టంలోని గీతలు గుండును గిరగిరా తిప్పినట్టు నున్నటి గొట్టం దాన్ని తిప్పజాలదు. అందుకే ముందు బరువు, వెనక బోలు ఉండేలా పోస్తారు, తలకిందులు కాకుండా పోతుంది. వాడు ఇంట్లోనే సీసం పోసి, మిషన్ మీద తూటాలు మళ్లీ నింపుకుంటాడు. అక్కడ అది మామూలు హాబీ, దానికి కొలతల పుస్తకాలు, అమ్మే కంపెనీలు ఉన్నాయి.

అలాంటి వీడియోలు చూసి చేపల వలకు కట్టే సీసపు గుళ్లు కరిగించి మన గన్నులో వేద్దామా అంటారు మావాళ్లు. నేను ఉస్తాద్‌నే అడిగాను. ఆయన ఎడమ గొట్టం మూతి చూపించారు. అది ఫుల్ చోక్, చివర బాగా బిగుతు. కొలత తప్పిన గట్టి సీసం అక్కడ ఇరుక్కుంటే మూతి ఉబ్బుతుంది, చీలుతుంది. పైగా డబుల్ బ్యారెల్ గొట్టాలను చిన్న గుళ్ల తూటాకు సరిపోయేలా కలుపుతారు. ఒకే దిమ్మ వేస్తే రెండు గొట్టాలూ ఒకే చోట తగలాలని లేదు. "ఆ పని చేసేవాళ్లు నా షాపుకు రావద్దు సార్" అన్నారు. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. జింకను కొట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మన నల్లగొండ జిల్లాలోకీ వస్తుంది. పొడ దుప్పులు, కణుజులు అక్కడి పులికి తిండి. పంట పోయిన బాధ నాకు తెలుసు, అడవి పందులు ఒక్క రాత్రిలో వేరుశనగ మడి దున్నేసినంత పని చేస్తాయి. వాటినైనా అటవీ శాఖ అనుమతి ఉన్న షూటర్లే కొట్టాలి. నా గన్ చప్పుడుతో బెదిరించడానికి, అంతవరకే.

నచ్చనివీ ఉన్నాయి. ఫోన్ ఎత్తరు, చెప్పిన తేదీకి పని కాదు, టెన్షన్ పెడతారు. బట్టుకు (భుజానికి ఆనించే చెక్కకు) అవిసె నూనె చాలు అన్నా మెరుపు వార్నిష్ కొట్టారు, చెమట చేతికి జారుతోంది. మొత్తం బిల్లు ఆరున్నర వేలైంది. చేసిన పనికి ఎక్కువని నేను అనుకోవడం లేదు.

చట్టం ప్రకారం గన్‌ను స్టేషన్‌లోనే కాదు, లైసెన్సున్న డీలర్ దగ్గర కూడా డిపాజిట్ చేయొచ్చు. ఈ షాపులో ఆ సౌకర్యం ఉంది. నూనె రాసి, గుడ్డ చుట్టి, తాళం వేసిన ర్యాకులో పెడతారు, నెలకింత అని అద్దె తీసుకుంటారు. వచ్చే ఎన్నికలకు నాది అక్కడే. మీరూ పెట్టాలనుకుంటే ఎన్నికల నోటిఫికేషన్ రాకముందే వెళ్లండి, వచ్చాక ర్యాకులో చోటు దొరకదు.