స్పందన వేగానికి స్కేలు ఆటా, ఫోన్ ఆటా?

జారవిడిచిన స్కేలును వేళ్లతో పట్టుకునే ఆటకూ, తెర రంగు మారగానే తాకే ఫోన్ ఆటకూ అదనపు ఖర్చేమీ లేదు.

స్కేలుకు మరొకరి తోడు కావాలి, ఫోన్‌కు అక్కరలేదు.

స్కేలు 20 సెంటీమీటర్లు జారాక పట్టుకుంటే, గురుత్వాకర్షణ లెక్క ప్రకారం సుమారు 0.20 సెకను పట్టినట్టు. ఫోన్‌లోనైతే తెర మారడానికీ, స్పర్శను గుర్తించడానికీ యంత్రం తీసుకునే సమయం కూడా మన ఖాతాలోనే పడుతుంది కనుక, వేర్వేరు ఫోన్ల అంకెలను పోల్చడం అన్యాయమని నా అభిప్రాయం.

అయితే 30 సెంటీమీటర్ల స్కేలు పావు సెకనులోపే పూర్తిగా జారిపోతుంది కాబట్టి, నెమ్మదిగా స్పందించేవారికి కొలతే దక్కదు.

తరగతి గదిలో పిల్లలకు భౌతికశాస్త్రంతో కలిపి చూపడానికి స్కేలే మేలు. రోజూ ఒంటరిగా సాధన చేస్తూ, ఒకే ఫోన్‌లో పది ప్రయత్నాల సగటు రాసుకునేవారికి ఫోన్ ఆట తగినది.