పాత టాటా ఏసా, పాత బొలెరోనా? రెండు లక్షల్లోపు ఏది మేలు?

కడియంలో మాకు చిన్న నర్సరీ ఉంది, ప్రతిసారీ కిరాయి బండి కోసం ఫోన్లు చేసీ చేసీ విసుగొచ్చి సంక్రాంతి వెళ్లాక నేనూ మా బావమరిదీ రెండు బళ్లు చూసొచ్చాం. ఒకటి 2012 టాటా ఏస్, 95 వేలు, ఇంజన్ బోరుకొచ్చింది, అంటే లోపల అరిగిపోయి విప్పి బాగుచేయించాల్సిన స్థితి. రెండోది 2013 బొలెరో పికప్, లక్షా 90 చెప్పాడు, ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, కొత్త పెయింటు, కొత్త సీటు కవర్లు, మావాడైతే అక్కడే అడ్వాన్స్ ఇచ్చేద్దాం బావా అన్నాడు.

నేను కిందకి దూరా. ఆ బండి భీమవరం వైపు రొయ్యలు తోలిందంట. రొయ్యల బండంటే తెలుసుగా, ఐసు కరిగి ఉప్పునీళ్లు ఛాసిస్ మీద, అంటే బండి బరువంతా మోసే కింది ఇనప ఫ్రేము మీద కారుతూనే ఉంటాయి. వెనక కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) బిగించే బ్రాకెట్ దగ్గర స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే కొత్త నల్ల పెయింటుతో సహా తుప్పు అప్పడంలా విరిగి నా మొహం మీద పడింది. ఇంకో చోటయితే గుచ్చిన స్క్రూడ్రైవర్ లోపలికే పోయింది.

ఏస్ సంగతి దీనికి రివర్సు. నీలం పొగ, ఆయిల్ మూత తీస్తే లోపల్నుంచి పొగ గుప్పుగుప్పున కొడుతోంది, డోర్ల అడుగున తుప్పు, కానీ కిరాణా సరుకులు తోలిన బండి కాబట్టి ఛాసిస్ గట్టిగా ఉంది. ఇంజన్ 702 సీసీ, రెండే సిలిండర్లు, టర్బో లేదు, కామన్ రైల్ అనే కంప్యూటర్‌తో నడిచే డీజిల్ సిస్టం గోల లేదు, మామూలు మెకానిక్ కూడా విప్పేస్తాడు. బొలెరోకి 2523 సీసీ, నాలుగు సిలిండర్లు, అది బోరుకొస్తే ఇంజెక్టర్లు, పంపు, టర్బో అన్నీ కలిపి బండి రేటుకి దగ్గరపడుద్ది.

ఏసే తీసుకున్నాం. ఇంజన్ పనికి 42 వేలు, టింకరింగ్ పెయింటింగ్ 18, నాలుగు టైర్లు 14, మొత్తం లక్షా 69 వేలు తేలింది, వారం అనుకున్న ఇంజన్ పని మూడు వారాలు పట్టింది, అది వేరే కథ.

అలాగని అందరూ ఏసే కొనమనట్లేదు. 16 హార్స్‌పవర్‌తో మారేడుమిల్లి ఘాట్ ఎక్కించాలంటే వెనకోళ్ల హారన్లు వింటూ కూర్చోవాలి, పైగా మోకాళ్ల ముందు రేకు తప్ప ఏం లేదు, హైవే మీద నాకిప్పటికీ భయమే. రోజూ టన్ను పైన తోలేవాళ్లు బొలెరోనే చూసుకోండి, కాకపోతే రొయ్యలు, చేపలు తోలింది మాత్రం ఎంత తక్కువకొచ్చినా వద్దు.

కాగితాల దగ్గర రెండూ ఒకటే. 8 ఏళ్లు దాటాక ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి, బండి ముదిరేకొద్దీ దాని ఫీజు బాగా వాయిస్తది, అందుకే మోడల్ ఇయర్ చూసుకుని బేరమాడండి. సీ బుక్ (ఆర్‌సీ) మీద ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిందని దాన్ని తీయించే ఫారం 35, ఫైనాన్స్ వాళ్ల ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న కాగితం) చేతికొచ్చాకే పూర్తి డబ్బులివ్వండి. బండి మన పేరు మీదకి మార్చుకునే 29, 30 ఫారాల మీద సంతకాలు ఆ రోజే పెట్టించుకోండి, మా ఓనరు "రేపు పెడతాలే" అన్నాడు, ఆ రేపటి కోసం నాలుగుసార్లు తిరిగాం.