దిగుమతి పోర్కా, సబ్సిడీ షెడ్డా? పందుల రైతుకి ఏది మేలు?

"బావా, అమెరికా పంది మాంసం దింపేస్తున్నారంట. ఇప్పుడు షెడ్డు వేస్తే మునుగుతామా?" పేరేచర్ల దగ్గర రెండెకరాలున్న మా బావమరిది ఈ మాట అడిగి ఏడాది దాటింది. గుంటూరులో మా దాణా కొట్టుకి వచ్చేవాళ్లూ అదే అడుగుతున్నారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, దిగుమతుల మీద పన్ను పెంచమని అడగడం మేలా, సబ్సిడీ పెంచమని అడగడం మేలా అంటారు. ప్రతివాడికీ కౌంటర్ దగ్గర చెప్పేకంటే ఒకసారి రాస్తే పోతుందని కూర్చున్నా.

ముందు దిగుమతి సంగతి. అమెరికా పోర్క్‌కి మన దేశం తలుపు తీసింది 2022 జనవరిలో. యూరప్ సరుకు అంతకు ముందు నుంచే వస్తోంది. సుంకం 30 శాతం. అదే కోడి లెగ్ పీసులకైతే 100 శాతం, అంటే పంది రైతుకి ఉన్న గోడ కోళ్ల రైతు గోడలో మూడో వంతు కూడా లేదు. ఈ లెక్క వినగానే మావాళ్లకి బీపీ పెరుగుతుంది. కానీ ఆ సరుకు దిగాక ఎటు పోతోందో చూడండి. గడ్డకట్టిన పెట్టెల్లో వచ్చి, క్వారంటైన్ దాటి, బేకన్, హామ్ (ఉప్పు పట్టించి నిలవ చేసిన పంది మాంసం), సాసేజ్‌గా పెద్ద హోటళ్లకీ సూపర్ మార్కెట్లకీ పోతుంది. ఆదివారం పొద్దున కిలో పంది మాంసం కొనేవాడు ఆ పెట్టె వైపు తిరిగి చూడడు. వాడికి కళ్లముందు కోసింది కావాలి, తోలుతో సహా కావాలి, వరిగడ్డి మంటమీద కాల్చిన వాసన రావాలి. సుంకం సున్నా చేసినా ఆ కొనుగోలుదారుడు మనవాడే.

ఇక సబ్సిడీ. కేంద్రం జాతీయ పశుధన మిషన్ పథకాన్ని 2021-22లో మార్చాక 50 ఆడపందుల యూనిట్‌కి గరిష్ఠంగా 15 లక్షలు, 100 ఆడపందుల యూనిట్‌కి 30 లక్షలు ఇస్తారు. ఖర్చులో సగం అన్నమాట. వినడానికి బంగారం. అయితే భూమి కొనడానికి గానీ, రోజువారీ నడిపించుకోవడానికి కావాల్సిన డబ్బుకి గానీ ఇది పనికిరాదు. వచ్చేది రెండు విడతల్లో, ముందు మన చేతి డబ్బో బ్యాంకు డబ్బో కదలాలి. మేమూ 50 పందులకి ప్రాజెక్టు రిపోర్టు రాయించాం. బ్యాంకులో ఆఫీసరు ఫైలు తిప్పి తిప్పి, "పందులాండీ? గేదెలు పెట్టుకోకూడదూ" అన్నాడు. మా బావమరిది మొహం చూడాలి అప్పుడు!

ఆఫీసరు వెటకారం సంగతి పక్కన పెడదాం. మమ్మల్ని ఆపింది అది కాదు, ఇంటికొచ్చి వేసుకున్న లెక్క. పంది చూడి 114 రోజులు. ఏడాదికి రెండు ఈతలు, ఈతకి ఎనిమిది పిల్లలు బతికాయనుకున్నా 50 ఆడపందులకి 800 పిల్లలు. అంటే నిలకడగా నడిస్తే వారానికి 15 పందులు అమ్మకానికొస్తాయి. ఒక్కోటి 90 కిలోలు తూగితే, వ్యర్థం పోను వారానికి దాదాపు 900 కిలోల మాంసం. మాకు తెలిసిన కొట్టాయన ఆదివారానికి ఒక్క పందిని కోస్తాడు, పదకొండింటికల్లా టార్పాలిన్ కడిగేసి ఇంటికెళ్తాడు. క్రిస్మస్ వారం మాత్రం నాలుగైదు కోస్తాడు. కార్తీక మాసంలో ఆయన్ని అడగడమే తప్పు. అలాంటి కొట్లు పదిహేను పట్టుకోవాలి మేము, అదీ ప్రతి వారం, ప్రతి ఒక్కడూ మా పందే కొనాలి.

మరి మిగతా సరుకు హోటళ్లకి ఇవ్వచ్చు కదా? అక్కడే ఉంది అసలు ముడి. విజయవాడలో ఒక హోటల్ కిచెన్ చూసే ఆయన్ని కలిశాను. మాంసం రుచి చూస్తాడని అరకిలో ముక్కలు ఐసు డబ్బాలో పట్టుకెళ్లా. ఆయన డబ్బా మూత కూడా తియ్యలేదు. "సార్, ఎక్కడ కోశారు? ఫుడ్ సేఫ్టీ లైసెన్సు ఉన్న చోటేనా? డాక్టరు చూసిన ముద్ర ఉందా?" ధర అడగలేదు. మేం కోసింది చింతచెట్టు కింద. దేశాలు దాటొచ్చిన పెట్టె మీద ఆ దేశపు పశువైద్యుడి సర్టిఫికెట్ ఉంది, పేరేచర్ల నుంచి వచ్చిన డబ్బా మీద ఏమీ లేదు. మనల్ని ఓడించేది వాళ్ల ధర అనుకుంటాం. నేను చూసినంతలో, ఓడిస్తోంది వాళ్ల కాగితం.

పందికి విడిగా లైన్ ఉన్న కబేలా మా చుట్టుపక్కల నేనైతే చూడలేదు. తమాషా ఏంటంటే, ఇది మనకి కొత్త ఆలోచన కాదు. దేశంలో పందుల అభివృద్ధి పథకం పెట్టిన రోజుల్లో బేకన్ ఫ్యాక్టరీ వేసిన కొద్ది ఊళ్లలో మన గన్నవరం ఒకటి, ఉత్తరప్రదేశ్‌లో అలీగఢ్, బెంగాల్‌లో హరింఘాటాల సరసన. ఇప్పుడు గన్నవరం అంటే విమానాలూ వెటర్నరీ కాలేజీయే గుర్తొస్తాయి. పశుసంవర్ధక మౌలిక వసతుల నిధి అని 2020లో 15,000 కోట్లతో పెట్టారు, మాంసం ప్రాసెసింగ్‌కి వడ్డీలో 3 శాతం తగ్గింపు ఉంది. కానీ అది ఫ్యాక్టరీ కట్టే స్థాయి వాడికి. ఆరు పందులున్నవాడు ఆ దరఖాస్తు ఏం పెడతాడు?

అందుకే నన్నడిగితే, 100 పందుల షెడ్లకి ఇచ్చే 30 లక్షల చొప్పున రెండు మూడు షెడ్ల డబ్బు పక్కకి తీసి, గుంటూరు, విజయవాడ మధ్య ఎక్కడో ఒకచోట పందుల కోత కేంద్రం, డాక్టరు, చిన్న చల్లగది పెడితే మేలు. కిలోకి ఇంతని రుసుము తీసుకోండి, కట్టుకుంటాం. తరాలుగా పందుల్ని నమ్ముకున్న ఎరుకల కుటుంబాలకి 50 పందుల షెడ్డు ఎప్పటికీ అందదు, ముద్ర వేసిన మాంసం మాత్రం వాళ్లూ అమ్ముకోగలరు.

దిగుమతి పూర్తిగా నిషేధించాలనే వాళ్లూ ఉన్నారు. వాణిజ్య ఒప్పందాల కాలంలో అది అయ్యే పని కాదు, వదిలేయండి. దాణా మీద సబ్సిడీ అంటే నేను కొట్టువాణ్ని కాబట్టి చప్పట్లు కొట్టాలి. నిజమే, ఖర్చులో 70 శాతం పైగా దాణాదే, ఇథనాల్‌కి మొక్కజొన్న పోతున్నప్పట్నుంచీ ఇంకా కష్టం. కానీ ఆ లాభం చివరికి రైతు దగ్గర ఎంత ఆగుతుందో నాకు తెలుసు, నా నోటితో చెప్పించకండి.

జబ్బు మాట ఒక్కటి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2020లో అస్సాం, అరుణాచల్‌లలో బయటపడింది, 2022కి వయనాడ్ దాకా వచ్చింది. మనుషులకి రాదు, పందికి మందు లేదు. హాస్టళ్ల మిగులు అన్నం తెచ్చి పెట్టేవాళ్లు దాన్ని బాగా కాచి పెట్టండి. షెడ్డులోకి వేరే చెప్పులు వాడండి. ఎవరు ఎంత సబ్సిడీ ఇచ్చినా ఇది మాత్రం మన చేతుల్లోదే.

చివరికి మేం సబ్సిడీ ఫైలు మూసేసి, సొంత డబ్బుతో ఆరు సీమ పందులతో మొదలుపెట్టాం. మొన్న సోమవారం బావమరిది ఫోన్ చేశాడు. రెండు పందులు అమ్ముడుపోలేదు, ఒక్కోటి వంద కిలోలు దాటింది, రోజుకి మూడు కిలోల చొప్పున తింటున్నాయి. "బావా, ఇంకో బస్తా పంపు" అన్నాడు. పంపాను, అరువు మీదే.