కుళాయి మీద కోపం: వేడి వైన్ కుండతో నాలుగు చలికాలాలు

ఈ కుండ గురించి చెప్పాలంటే ముందు దాని కుళాయి గురించే చెప్పాలి. ఎన్ని లీటర్లు, ఎన్ని వాట్లు అన్నది పెట్టె మీదే ఉంటుంది, నేను రాయక్కర్లేదు. కొన్నది కుళాయి చూసి. నాలుగేళ్లుగా తిట్టుకుంటున్నదీ దాన్నే.

మేముండేది జర్మనీలోని డ్రెస్డెన్‌లో. ఇక్కడి చిప్ ఫ్యాక్టరీల పుణ్యమా అని మనవాళ్లు బాగానే ఉన్నారు. డిసెంబర్ వస్తే ఊరంతా క్రిస్మస్ సంతలోనే ఉంటుంది. 1434 నుంచి ఉన్న సంత అది. కప్పుకి డిపాజిట్ కట్టి గ్లూవైన్ (దినుసులు వేసి కాచిన వేడి వైన్) తాగడం, ఆ ఏడాది కప్పు బొమ్మ నచ్చితే డిపాజిట్ వదులుకుని ఇంటికి తెచ్చేసుకోవడం మాకు అలవాటు. కరోనా వల్ల 2020లో సంత పెట్టలేదు. 2021లోనూ లేదనేసరికి చిరాకొచ్చి, ఇంట్లోనే సంత పెడదామని ఈ కరెంటు కుండ తెప్పించాను. కింద హీటరు, పక్కన వేడి తిప్పే మీట, ముందు కుళాయి. వచ్చినవాళ్లు వాళ్ల కప్పు వాళ్లే పట్టుకుంటారు, నేను గరిటె పట్టుకుని నిలబడక్కర్లేదు అనుకున్నాను.

మొదటి చలికాలం నిజంగానే అలా గడిచింది. రెండు సీసాల చవక ఎర్ర వైన్ (తియ్యటిది వద్దు, పంచదార మనమే వేస్తాం), రెండు దాల్చినచెక్క ముక్కలు, సగం అనాసపువ్వు, కమలాపండు చక్రాలు. లవంగాలు మాత్రం సీసాకి నాలుగు చాలు. అమ్మ పంపినవి ఇక్కడి సూపర్ మార్కెట్ లవంగాలకంటే ఘాటు. పులావు లెక్కన వేశానా, పంటినొప్పి మందు వాసనే. మరగనివ్వకూడదు, అదొక్కటే నియమం. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. వైన్‌లో కలిసి ఉన్నది ఒక్కసారిగా ఎగిరిపోదు కానీ, ఈలోగా లవంగం, కమలా తొక్క కింద తెల్ల పొర చేదు దించేస్తాయి. మీట 70 దగ్గర పెట్టి వదిలేస్తే చాలని ఆ ఏడాది కనపడినవాళ్లందరికీ చెప్పాను. నా మాట విని ఇద్దరు కొన్నారు కూడా.

రెండో ఏడాది, 2022 డిసెంబర్‌లో ఓ ఆదివారం సాయంత్రం, ఎనిమిది మందిని పిలిచాం. బయట మైనస్ ఆరు. నాలుగు సీసాలు పోశాను. మూడో కప్పో నాలుగో కప్పో పట్టాక కుళాయి మీట కిందికి వాలింది గానీ ధార ఆగలేదు. సన్నగా, దారంలా కారుతోంది. ఇంకా గట్టిగా నొక్కాను. దారం కాస్తా తాడైంది. కింద చెక్క నేల. అద్దె ఇల్లు, మూడు నెలల అద్దె ఓనర్ దగ్గర డిపాజిట్‌గా ఉంది. ఎర్ర వైన్ మరక అంటే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవడమే.

మా ఆయన కప్పు పెట్టారు, నిండింది. పక్కాయన తన కప్పు పెట్టారు, అదీ నిండింది. బీరువా మీద వరసగా పెట్టుకున్న సంత కప్పులన్నీ దిగాయి. తాగినవాళ్లు ఖాళీ కప్పుతో మళ్లీ వరసలోకి వచ్చారు. తాగకపోతే నేలపాలే కదా! ఆ రాత్రి అందరూ అనుకున్నదానికంటే ఒకటి రెండు కప్పులు ఎక్కువే తాగారు. కుండ ఎత్తి సింకులో పెడదామంటే చెవులు కాలుతున్నాయి, లోపల వేడి వైన్ తొణుకుతోంది. చివరికి ఒకామె ఇడ్లీ పిండి గిన్నె ఖాళీ చేసి కుళాయి కింద పెట్టింది. అప్పుడు అందరం ఊపిరి పీల్చుకున్నాం.

మర్నాడు కుళాయి విప్పితే లోపల ఒక లవంగం తల. ఆవగింజకంటే కాస్త పెద్దది, అంతే. రబ్బరు వాషర్‌కీ లోహానికీ మధ్య ఇరుక్కుని మూతపడనివ్వలేదు. నేను బలంగా నొక్కినప్పుడు వాషర్ చీలింది. అమ్మినవాళ్లకి ఫోటోలు పంపితే, జాలీ వాడాలని పుస్తకంలో రాశాం కదా అన్నారు. రాశారు, నిజమే. ఆ జాలీ పెట్టెలో ఇవ్వలేదు, విడిగా కొనాలట. కొత్త వాషర్ జనవరి చివర్లో వచ్చింది, క్రిస్మస్ చెట్లన్నీ రోడ్డు మీద పారేశాక.

జాలీ కొనలేదు. మా నాన్న పాత పంచె అంచు చింపి, దినుసులన్నీ అందులో మూటకట్టి వేస్తున్నాను. బిర్యానీకి కట్టే మూటే. ఆ తర్వాత కుళాయి మళ్లీ మొరాయించలేదు. కమలా గింజల్ని మాత్రం ముందే ఏరెయ్యాలి. మూడో ఏడాది తెల్ల వైన్‌తో చేశాను. పక్క ఊరు రాడెబోయిల్‌లో ద్రాక్షతోటల మధ్య వాకర్‌బార్త్ అనే కోట ఉంది. 1834 నాటి పద్ధతి అని అక్కడివాళ్లు చెప్పుకునే తెల్ల గ్లూవైన్ ఒకటి ఉంది, యాలకులు, కుంకుమపువ్వు పడతాయి. నేను చేసింది దాని దరిదాపుల్లోకి వచ్చిందని చెప్పలేను కానీ, మూట విప్పితే పంచె గుడ్డ పసుపు బట్టలా ఉంది. అమ్మకి ఫోన్‌లో చూపిస్తే శుభకార్యమా అని అడిగింది.

ఇక ఆ థర్మోస్టాట్, అదే వేడి తిప్పే మీట. పాల థర్మామీటర్ కొన్నాక తెలిసింది, మీట 70 అంటే లోపల ఒక్కోసారి 77, ఒక్కోసారి 64. అందుకని ఇప్పుడు 60 దగ్గర పెట్టి అప్పుడప్పుడు చూసుకుంటున్నాను. కాపలా కాయక్కర్లేదని చెప్పాను కదా, కాస్త కాయాలి. కుళాయి అడుగుకంటే పైన ఉండటంతో చివరి అర లీటరు దానంతట అది రాదు, కుండ వంచాలి. ఇద్దరి కోసం రెండు కప్పులు చేసుకునేవాళ్లకి ఇది దండగ. స్టీలు గిన్నె, సన్న మంట చాలు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు అడిగితే వద్దన్నాను, అక్కడ దుప్పటి తీసే చలే పదిహేను రోజులు. మాకు డిసెంబర్‌లో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు వస్తారు కాబట్టి ఉంచుకున్నాం. రమ్ కావాలన్నవాళ్లకి కప్పులోనే పోస్తాను, కుండలో కాదు. కారు నడిపి వెళ్లేవాళ్లకీ, పిల్లలకీ యాపిల్ జ్యూస్ వేరే గిన్నెలో, అవే దినుసులతో.

ఇంకొకటి ఒప్పుకోవాలి. మొన్న ఉగాదికి పాతిక మంది వస్తే సాంబారు వేడిగా ఉండటానికి ఇదే కుండ వాడాను. ఆ పనికి బ్రహ్మాండంగా ఉంది, వైన్‌కంటే బాగా అనిపించింది. తర్వాత వెనిగర్ పోసి మరిగించాను, కుళాయి విప్పి బ్రష్‌తో తోమాను, ఎండలో పెట్టాను. నవంబర్‌లో ఈ ఏడాది మొదటి గ్లూవైన్ చేసి మొదటి కప్పు మా ఆయనకిచ్చాను. ఇంగువ వాసన రబ్బరు వాషర్‌లో దాక్కుంటుందని నాకు తెలియదు. రెండు గుక్కలు తాగి, కప్పులోకి తొంగిచూసి, ములక్కాడలు ఏవి అన్నారు.